ఫ్రెండ్ కారు అడిగాడు, ఇవ్వనా వద్దా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. ఎనిమిది నెలల కిందట కారు కొన్నాను, లోను ఇంకా నడుస్తోంది. కాలేజీ రోజుల నుంచీ ఉన్న ఫ్రెండ్ ఒకడు వచ్చే వారం మూడు రోజులు కారు కావాలన్నాడు. ఇంట్లోవాళ్లందరినీ తీసుకుని దూరం వెళ్లాలట, ట్రైన్ టికెట్లు దొరకలేదట. నేను కాస్త నసిగేసరికి "ఏంట్రా, నా మీద నమ్మకం లేదా?" అనేశాడు. నాకు నోట మాట రాలేదు. నేను ఇబ్బందుల్లో ఉన్నప్పుడు అడక్కుండానే డబ్బు సర్దినవాడు వాడు. మా ఆవిడేమో వద్దే వద్దంటోంది. ఇస్తే ఆ మూడు రోజులూ నాకు నిద్ర పట్టదు, ఇవ్వకపోతే వాడి మొహం ఎలా చూడాలో తెలియడం లేదు. ఏం చేయమంటారు? (పేరు వేయకండి)

జవాబు: ముందు ఆ "నమ్మకం లేదా" అన్న మాట సంగతి తేల్చుకుందాం, మీ గొంతుకి అడ్డం పడింది అదే కదా. అప్పిస్తే తిరిగిస్తాడా, చెప్పిన విషయం కడుపులో దాచుకుంటాడా, అర్ధరాత్రి ఫోన్ చేస్తే లేచి వస్తాడా, ఇవీ నమ్మకానికి సంబంధించినవి. వీటన్నిటిలో మీ ఫ్రెండ్ ఎప్పుడో పాసైపోయాడు. మీ బండి క్లచ్ ఎక్కడ అందుకుంటుందో, రివర్స్‌లో వెనక భాగం ఎంతదాకా వస్తుందో, బ్రేకు ఎంత నొక్కితే ఎక్కడ ఆగుతుందో అతని కాళ్లకీ చేతులకీ తెలుసా అన్నది వేరే సంగతి. ఎంత బంగారంలాంటి మనిషికైనా అది అలవాటు మీద రావాల్సిందే. ఈ మాట అతనితో పైకే అనండి: "నిన్ను నమ్మడానికేం రా, ఈ బండి నీకు కొత్త కదా, ఒక గంట ఇద్దరం కలిసి తిరిగొద్దాం, నువ్వే నడుపు." మంచి ఫ్రెండ్ దీనికి నొచ్చుకోడు, పైగా సంతోషిస్తాడు.

ఆ గంటలో మీరు పక్క సీట్లో ఊరికే కూర్చుని చూడండి. రోజూ కారు నడిపే మనిషో, లైసెన్సు తీసుకుని పర్సులో పెట్టుకున్న మనిషో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఫోన్ మోగితే చెయ్యి అటు పోతుందా, ముందు బండికి ఎంత దగ్గరగా వెళ్తున్నాడు, అద్దాల్లోకి చూస్తున్నాడా. దూర ప్రయాణం అంటున్నారు కాబట్టి ఇంకో మాట. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది, అంటే గంటకి 40 కిలోమీటర్లలో బాగా నడిపినవాడు 80లో కూడా బాగానే నడుపుతాడని అనుకోవడానికి లేదు. దానికి తోడు బండి నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. ఖాళీ బండికీ నిండిన బండికీ బ్రేకు తీరే వేరుగా ఉంటుంది.

ఇక అసలు పని. ఈ రాత్రికే ఇన్సూరెన్స్ కాగితాలు బయటికి తీయండి. చాలామంది ప్రీమియం కట్టి కాగితం బీరువాలో పడేస్తారు, లోపల ఏముందో చూడరు. కొన్ని పాలసీల్లో మీ అనుమతితో లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా చెల్లుతుంది. కొన్నిట్లో మాత్రం పేరు రాయించుకున్నవాళ్లు నడిపితేనే చెల్లుతుంది, లేదంటే వయసు, అనుభవం మీద షరతులుంటాయి. అర్థం కాకపోతే కంపెనీకి ఫోన్ చేసి "నా ఫ్రెండ్ మూడు రోజులు నడుపుతాడు, కవర్ ఉంటుందా" అని సూటిగా అడిగి, జవాబు మెయిల్‌లో పంపమనండి. అతని లైసెన్సు కూడా ఒకసారి చూడండి, గడువు దాటిపోయి ఉంటే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. అతను మొహమాటపడి "మూడు రోజులకి ఎంతో కొంత తీసుకో" అన్నా తీసుకోకండి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ అద్దెకి తిప్పితే సాధారణంగా చెల్లదు. ట్యాంకు నింపి ఇవ్వమనండి, చాలు.

కవర్ ఉందని తేలినా ఖర్చు పూర్తిగా తప్పదు. మీ బండి రిపేరుకి క్లెయిమ్ చేస్తే సాధారణంగా కొంత మొత్తం ఓనరే పెట్టుకోవాలి, మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంటే అదీ పోవచ్చు, బండి షెడ్డులో ఉన్నా లోను వాయిదా ఆగదు. కెమెరాకి చిక్కితే జరిమానా ముందు వచ్చేది మీ అడ్రసుకే. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే చాలా చోట్ల కేసులో నడిపినవాడితో పాటు ఓనర్ పేరూ ఎక్కుతుంది. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, ఇవన్నీ మీకు ముందే తెలిసి ఉండాలని చెబుతున్నాను.

ఇంకొకటి, చాలామంది అడగడం మర్చిపోయేది: బండి ఎవరెవరు నడుపుతారు? "నేను అలసిపోతే మధ్యలో మా బావమరిది అందుకుంటాడులే" అన్న మాట దారిలో చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. మీరు ఫ్రెండ్‌కి ఇచ్చారు, బావమరిదికి ఇవ్వలేదు. స్టీరింగు నువ్వొక్కడివే పట్టుకోవాలని ముందే చెప్పండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. కాగితాలు సరిగ్గా ఉండి, అతను రోజూ నడిపే మనిషై, ఆ గంటలో మీకు భయం వేయకపోతే, ఇచ్చేయండి. కష్టంలో అడక్కుండా ఆదుకున్నవాడికి అవసరం పడింది, ఇదే సమయం. ఇచ్చాక మాత్రం గంట గంటకీ ఫోన్ చేయకండి, నడిపే మనిషికి అదొక టెన్షన్. తాళం ఇచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి బండి చుట్టూ తిరిగి ఫోన్లో వీడియో తీసుకోండి. స్టెప్నీ, జాకీ ఎక్కడున్నాయో చూపించండి. ఏ ఇంధనమో ట్యాంకు మూత మీద చీటీ అంటించండి, పొరపాటున వేరేది పోస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఫోన్ చేయమని చెప్పండి. డాష్‌బోర్డు మీద నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే వెంటనే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయాలని కూడా చెప్పండి. అది తెలియక "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని లాగించి ఇంజన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

పైన చెప్పినవాటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇవ్వకండి. ఆ సంగతి ఈ రోజే చెప్పండి, వారం నాన్చి ప్రయాణం ముందు రోజు చెబితే అతను నిజంగా ఇరుక్కుపోతాడు. బండి సర్వీసింగ్‌కి ఇచ్చానని అబద్ధం ఆడొద్దు, మా ఆవిడ ఒప్పుకోలేదని ఆవిడ మీదకి అసలు నెట్టొద్దు. లోను ఇద్దరి సంసారంలోంచే కడుతున్నారు, ఆవిడ భయంలో న్యాయం ఉంది, నిర్ణయం ఇద్దరిదీ. "ఇన్సూరెన్స్‌లో నీకు కవర్ లేదురా, ఏదైనా అయితే నువ్వూ నేనూ ఇద్దరం తట్టుకోలేం" అని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ వెంటనే మీరు చేయగలిగింది చెప్పండి. అద్దె కారుకి సగం ఖర్చు పెట్టుకోండి, సెలవు దొరికితే మీరే నడుపుకుంటూ తీసుకెళ్లండి. ఒకప్పుడు మీకు డబ్బు సర్దినవాడికి అద్దెలో సగం ఇవ్వడం మీకు బరువు కాదనుకుంటాను.

ప్రశ్న: ఆఫీసులో నా ఫ్రెండ్‌కి ఆదివారం కారు ఇచ్చాను. తిరిగిచ్చాక చూస్తే వెనక బంపర్ మీద జానెడు గీత. తను ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. నాలుగు రోజులైంది, ఇద్దరం భోజనానికి కలిసే కూర్చుంటున్నాం కానీ నా మనసులో అదే తిరుగుతోంది. వదిలేయనా?

జవాబు: వదిలేయకండమ్మా. నేను వదిలేసి చూశాను. పదేళ్ల కిందట నా బండి తీసుకున్న స్నేహితురాలు సాయంత్రం తాళం చేతిలో పెట్టి వెళ్లింది. మర్నాడు ఎక్కితే సీటు వెనక్కి జరిగి ఉంది, అద్దం పైకి తిరిగి ఉంది, ఎడమ తలుపు కింద వేలు పెడితే తగిలేంత సొట్ట. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను. తలుపు తీసిన ప్రతిసారీ వేలు ఆ సొట్ట మీదకే పోయేది, కోపం పెరిగేది. ఏడాది పాటు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, పార్కింగ్‌లో ఎవరో గుద్ది పోతే తను చూసుకోనేలేదు. ఆ ఏడాది నాకు తిరిగి రాదు.

మీ ఫ్రెండ్ కూడా చూసి ఉండకపోవచ్చు. రేపు భోజనాల దగ్గర కాకుండా విడిగా పిలిచి, "బంపర్ మీద గీత ఉంది, ఆదివారం ముందు లేదు, నీకేమైనా తెలుసా?" అని అంతవరకే అడగండి. "నువ్వే చేశావు" అని మొదలుపెట్టకండి. మెసేజ్ కూడా పెట్టకండి, రాసిన మాటలో గొంతు వినపడదు. ఖర్చు సంగతి తనే ఎత్తితే షెడ్డులో అంచనా వేయించి ఆ కాగితం చూపించండి, చిన్న గీతైతే పాలిష్‌తోనే పోవచ్చు. తను ఎత్తకపోతే మీరు బాగు చేయించుకోండి, ఈసారి అడిగితే ఇవ్వడం కుదరదని చెప్పండి. భోజనానికి మాత్రం కలిసే కూర్చోండి.