పెద్దకర్మ అయిపోయాక అమ్మను ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: నాన్నగారు పోయి నాలుగు నెలలైంది. అమ్మకు 61 ఏళ్లు, షుగర్ మాత్రలు వాడుతుంది. సరిగ్గా తినదు, రాత్రి రెండింటికే లేచి కూర్చుంటుంది. నాన్నగారి పడక్కుర్చీ వైపు చూస్తూ మాట్లాడుతుంది, ఆయన దగ్గు వినిపించిందంటుంది. పక్కింటావిడ నిద్రమాత్రలు ఇచ్చింది. ఇల్లు అమ్మేసి అమ్మను డాలస్ తీసుకెళ్తానంటున్నాడు అన్నయ్య. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు షుగర్ సంగతి చూడండి. దుఃఖంలో ఆకలి చచ్చిపోతుంది, కానీ మాత్ర వేసుకునే అలవాటు మాత్రం పోదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ అన్నం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకు మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. తిండి తగ్గిందని డాక్టరుకు ఈ వారమే చెప్పి మోతాదు సరిచేయించండి. రెండు పూటలా కంచం నిండా పెట్టి బతిమాలడం కన్నా మూడు గంటలకోసారి కాస్త పెరుగన్నం, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు ఇస్తే తింటారు. ఎవరైనా పక్కన కూర్చుని తింటే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ లోపలికి వెళ్తాయి.

పక్కింటివాళ్ల నిద్రమాత్ర వద్దు. ఆ రకం మాత్రలు ఎక్కువగా ఆల్ప్రజోలం జాతివే. ఈ వయసులో మత్తుమీద రాత్రి బాత్రూముకు లేచి పడి తుంటి విరగ్గొట్టుకునేవాళ్లున్నారు. కొద్ది వారాల్లోనే అలవాటై, మానేస్తే నిద్ర మునుపటికన్నా పాడవుతుంది. పొద్దున రోజూ ఒకే వేళకు లేపండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ ఆపండి.

కుర్చీతో మాట్లాడటం చూసి భయపడకండి. 1971లో డెవి రీస్ అనే వైద్యుడు వేల్స్‌లో భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లను కలిసి రాసిన పరిశోధనలో దాదాపు సగం మంది పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టనిపించిందనో, కనిపించారనో, వినిపించారనో చెప్పారు. అది పిచ్చి కాదు. ‘నాన్న ఏమన్నారమ్మా?’ అని మీరూ అడగొచ్చు. ఆ గొంతు ‘నువ్వూ వచ్చెయ్’ అంటోందన్నా, ఆవిడ నగలూ కాగితాలూ పంచిపెట్టడం మొదలుపెట్టినా మాత్రం ఆలస్యం చేయొద్దు. ‘అమ్మా, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. మాత్రలు, పురుగుమందు ఇంట్లోంచి తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇల్లు ఇప్పుడు అమ్మకండి. భర్త పోయిన ఏడాదిలోపే వీధి, గుడి, పూలమ్మాయి, భాష అన్నీ ఒక్కసారి తీసేస్తే ఆవిడకు పోయేది ఒక మనిషి కాదు, మొత్తం బతుకు. అన్నయ్య ఓ రెండు నెలలు చూడటానికి తీసుకెళ్లడం వేరు, సంతోషంగా పంపండి. బీరువా కూడా ఆవిడ ఊళ్లో లేనప్పుడు ఖాళీ చేయకండి. ఇచ్చేయాల్సినవి, ఉంచుకునేవి, తర్వాత చూద్దామనేవి అని ఆవిడ చేతే విడదీయించండి. మూడో కుప్పే పెద్దదైనా ఫర్వాలేదు. బొట్టు, గాజులు, పెళ్లిపేరంటాలకు వెళ్లడం ఆవిడ ఇష్టం. అందులో బంధువుల మాట సాగనివ్వకండి, గట్టిగా అడ్డుపడండి. మూలన కూర్చోబెట్టడం దుఃఖాన్ని తగ్గించదు, మనిషిని తగ్గిస్తుంది.

పెద్దకర్మ దాకా ఇల్లు నిండి ఉంటుంది. తర్వాత ఎవరూ రారు, అసలు కష్టం అప్పుడే మొదలు. ‘ఏమైనా కావాలంటే చెప్పండి పిన్నీ’ అంటే ఎవరూ చెప్పరు. ‘గురువారం సాయంత్రం వస్తాను, కూరగాయలకు వెళ్దాం’ అనేవాళ్లు కావాలి. నాన్నగారు టీ తాగే వేళకు ఎవరో ఒకరు ఉండేలా, కనీసం ఫోన్ చేసేలా వంతులేసుకోండి. ఆవిడ ఒక గంట ఏడ్చి, మరో గంట పెన్షన్ కాగితాలు చూసుకుని, సీరియల్‌కు నవ్వితే ‘అప్పుడే మర్చిపోయిందా’ అనకండి. కోలుకోవడమంటే ఆ అటూఇటూ తిరగడమే. 1999లో నెదర్లాండ్స్‌లో స్ట్రోబె, షుట్ అనే పరిశోధకులు చెప్పిందీ ఇదే.

ఆరు నెలలు దాటాక కూడా రోజంతా అదే తలంపు, ఏ పనీ చేసుకోలేకపోవడం, మనుషుల్ని పూర్తిగా తప్పించుకోవడం తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. దీనికోసమే రూపొందించిన సంభాషణ చికిత్స సుమారు 16 సార్లు కూర్చునేది. డిప్రెషన్ మాత్రలు డిప్రెషన్‌ను తగ్గిస్తాయే గానీ, పోయినవాళ్ల కోసం తపనను తగ్గించడంలో వాటి ప్రభావం తక్కువ.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు తాతయ్య పోయారని చెప్పలేక ఊరెళ్లారన్నాం. ఎప్పుడొస్తారని రోజూ అడుగుతున్నాడు.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఇవాళే సరిదిద్దండి. లేకపోతే మీరు డ్యూటీకి ఊరెళ్లినా వాడు వణికిపోతాడు. ‘నిద్రపోయారు’ అనీ అనకండి, పడుకోవడానికి భయపడతాడు. ‘తాతయ్య చనిపోయారు. ఆయన శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోరు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు, తిరిగి రారు’ అని చెప్పండి. దేవుడి మాట చెప్పుకునే ఇల్లయితే అది దీని తర్వాత చెప్పండి. తాను అల్లరి చేసినందుకే పోయారనుకునే పిల్లలుంటారు, కాబట్టి ‘నీ వల్ల కాదు’ అని అడగకముందే చెప్పాలి. వాడు విని వెంటనే ఆడుకోవడానికి పరిగెత్తితే తప్పు పట్టకండి. అదే ప్రశ్న పదిసార్లు అడిగితే అదే జవాబు పదిసార్లు చెప్పండి. కొన్ని వారాలు పక్క తడపొచ్చు, తిట్టకండి. బడిలో టీచరుకు ముందే చెప్పి ఉంచండి.