రెండు తరగతులు, ఒకే గది

అమ్మా,

మూడు, నాలుగు తరగతులు కలిపి నీకే అప్పగించారని, ఇద్దరు టీచర్ల పని ఒక్కదాన్నే ఎలా చేయాలని రాశావు. నా ఉద్యోగంలో సగానికి పైగా ఇలాంటి గదుల్లోనే గడిచింది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు, ఇద్దరి పని అనుకోవడం మానెయ్. మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. బోర్డు మధ్యలో గీత గీసి, వీళ్లకు కాసేపు, వాళ్లకు కాసేపు చెప్పేదాన్ని. ఒక వరసకు చెబుతున్నంతసేపూ రెండో వరస పుస్తకంలో చూసి ఎక్కించుకుంటూ కూర్చునేది. గది నిశ్శబ్దంగా ఉందని సంతోషపడ్డాను. ఏడాది చివర చూసుకుంటే ఒక్కొక్కరికీ దక్కింది సగం చదువే. టీచరు తమవైపు తిరిగేదాకా పిల్లలు ఊరికే కూర్చోవడమే ఈ గదిలో అన్నిటికన్నా పెద్ద నష్టం. అల్లరి దాని తర్వాతే.

అందుకని నువ్వు చెప్పే పాఠం కంటే ముందు, నువ్వు పక్కన లేనప్పుడు వాళ్లు చేసే పని సిద్ధం చేసుకో. పిల్లలు తమంతట తామే మొదలుపెట్టి, తప్పులు తామే దిద్దుకుని, తర్వాత ఏం చేయాలో అడగకుండా తెలుసుకునేలా ఉండాలి అది. కొలంబియాలో 1970లలో విక్కీ కోల్బర్ట్, ఆమె సహచరులు పల్లె బడుల కోసం ‘ఎస్క్యుయెలా న్యువా’ (కొత్త బడి) అనే బోధన పద్ధతి మొదలుపెట్టినప్పుడు, పిల్లలు సొంతంగా చదువుతూ పని చేసుకునే పుస్తకాల మీదే దాన్ని నిలబెట్టారు. మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడివాళ్లు ఒక్కో కార్డు మీద ఒక్కో పని పెట్టి, వాటిని నిచ్చెన మెట్లలా పేర్చారు. ఎవరు ఎక్కడ ఆగితే మర్నాడు అక్కణ్నుంచే. అంత సరంజామా నీ దగ్గర లేకపోయినా, వారానికి పది కార్డులు చేత్తో రాసుకో. వచ్చే ఏడాదికీ పనికొస్తాయి.

అన్నీ విడగొట్టనక్కర్లేదు. కథలు, పరిసరాల పాఠాలు అందరికీ కలిపి చెప్పి, చేయించే పని మార్చు. నీటి గురించి చెప్పావనుకో, చిన్నవాళ్లు బొమ్మ గీసి పేర్లు రాస్తారు, పెద్దవాళ్లు తడిబట్ట ఎందుకు ఆరుతుందో సొంత మాటల్లో రాస్తారు. లెక్కలు మాత్రం కలపకు. అక్కడ ఒక మెట్టు జారితే పై మెట్లన్నీ కదులుతాయి.

ఇక లాభం. నా దగ్గర నాలుగో తరగతి పిల్లాడొకడు చదవమంటే తల దించుకునేవాడు. చిన్నవాళ్లకు రోజూ ఒక కథ చదివి వినిపించమన్నాను. చిన్నవాళ్ల కథ కాబట్టి సులువుగా ఉండేది, అలాంటిది ఎందుకు చదువుతున్నావని ఎవరూ నవ్వలేదు. ఇంట్లో సాధన చేసుకుని వచ్చేవాడు. ఆ ఏడాది ముగిసేసరికి తన పాఠాలు తనే చదివాడు. కింది తరగతి పాఠం మళ్లీ వినే అవకాశం సిగ్గు లేకుండా దొరికేది ఇక్కడే.

దీనిలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. చురుకైన అమ్మాయి కనిపిస్తే, చిన్నవాళ్లను ఆమెకు వదిలేయడం మనకు అలవాటైపోతుంది. నేర్పితే తనకూ పాఠం గట్టిపడుతుంది, నిజమే. కానీ పది నిమిషాలు దాటనివ్వకు, రోజూ అదే పిల్లను పిలవకు. ఆమె వచ్చింది చదువుకోవడానికి.

తయారీకి సాయంత్రాలు పోతాయి. రెండు సిలబస్‌లు, రెండు పరీక్షలు ఎలాగూ తప్పవు. ఒకటో తరగతిని కూడా నీకే కలుపుతామంటే మాత్రం ఒప్పుకోకు. చదవడం రాని పిల్లలకు కార్డులు ఏం పనికొస్తాయి? వాళ్లకు ఎదురుగా మనిషి కావాలి. ఇంకో టీచరు కావాలని గట్టిగా అడుగు. అడగడం నీ చేతగానితనం కాదు, ఆ పిల్లల హక్కు.

మొదటి పది కార్డులు రాశాక నాకు పంపు. చూసి చెబుతాను.