మానసిక ఆరోగ్య నర్సింగ్: మీ సందేహానికి సమాధానం

నల్లగొండలో బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉన్న మీరు మానసిక ఆరోగ్య విభాగంలోకి వెళ్తానంటే, ‘పిచ్చాసుపత్రిలో పనా’ అని ఇంట్లో భయపడుతున్నారని రాశారు. రోగిని గొలుసులతో కట్టడాన్ని, మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని వారికి తప్పక చెప్పండి.

రోగి మాత్ర నిజంగా మింగాడా, రాత్రి నిద్రపోయాడా, మనఃస్థితి తీవ్రంగా మారే జబ్బుకు లిథియం అనే మందు వాడుతున్నవారి చేతుల వణుకు పెరిగిందా, మాటల్లో చావు ఆలోచన తొంగిచూస్తోందా అన్నది వార్డులో వెంట ఉండే నర్సుకే తరచుగా ముందు తెలుస్తుంది. పురుగుమందు తాగి బతికి బయటపడ్డ రైతు పక్కన కూర్చొని ఓపికగా వినే మనిషి మన జిల్లాలకు ఎంతో అవసరం, అందుకే మీ ఆలోచన నాకు చాలా నచ్చింది.

డిగ్రీ తర్వాత ఏడాది అనుభవంతో రెండేళ్ల ఎమ్మెస్సీ చేయవచ్చు. అయితే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో మీకు శిక్షణ పోస్టింగ్ పడితే, ఆ రోజులను శ్రద్ధగా గడిపాకే నిర్ణయించుకోండి.