బాదామి గుహాలయాలు చూశాక ఆ ఎర్రరాతి కొండల కోసం మరో రోజు ఆగాలా?

కర్ణాటకలోని బాదామిలో ఉన్న నాలుగు గుహాలయాలను చూడటానికి రెండు గంటలు చాలని, మిగిలిన పూటను దగ్గరలోని పాత గుళ్ళ ఊళ్ళు పట్టదకల్లు, ఐహోళెలకు కేటాయించి తిరిగి రావచ్చని మీకు ఎవరో చెప్పారని, అయినా ఆ కొండల కోసం ఇంకో రోజు ఆగటం సమంజసమేనా అని అడిగారు. ఆగమనే నా సలహా. వీలైతే కొండలనే ముందు చూసి, గుహలను రెండో రోజుకు ఉంచుకోండి. నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మీకు చెప్పినవారి పద్ధతిలోనే, పద్దెనిమిది చేతుల నటరాజు పక్కన ఫోటో దిగి, చూడవలసినవన్నీ చూశాననే తృప్తితో వచ్చేశాను. రెండోసారి భూగర్భశాస్త్రం చదివిన మిత్రుడొకరు తోడు వచ్చారు. మొదటి రోజంతా ఆయన మమ్మల్ని గుహల మెట్లు ఎక్కనివ్వలేదు. అప్పుడు కొంత విసుగు కలిగిన మాట నిజమే కాని, ఇప్పుడు మీకు ఈ జవాబు రాయగలుగుతున్నానంటే ఆ పట్టుదలే కారణం.

మేము హైదరాబాదు నుంచి రాయచూరు, లింగసుగూరు, ఇల్కల్ మీదుగా వెళ్ళాం. దారి పొడవునా కనిపించేవి మనకు చిన్ననాటి నుంచి తెలిసిన గుండ్లే, ఎవరో తీరిగ్గా ఒకదానిమీద ఒకటి పేర్చి వెళ్ళినట్టుండే నున్నని గ్రానైటు బండలే. ఇల్కల్ ఎర్ర గ్రానైటు గనులకు పేరుపడిన ప్రాంతం కాబట్టి అక్కడిదాకా ఆ రాతిదే రాజ్యం. బాదామి దగ్గరపడేసరికి కొండల రూపమే మారిపోతుంది. గుండ్రని వీపులకు బదులు, తల చదునుగా, పక్కలు మట్టిగోడను నిలువునా తెగ్గొట్టినట్టుగా ఉండే కొండలు మొదలవుతాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. గ్రానైటు భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. దానిలో పొరలుండవు. పగుళ్ళ వెంట నీరు దిగి మూలలను ముందుగా అరగదీస్తుంది కనుక చివరికి గుండు మిగులుతుంది. ఇసుకరాయి అలాంటిది కాదు. ప్రవహించే నీరు మోసుకొచ్చి పరిచిన ఇసుక, పొరమీద పొరగా పేరుకుని, పైబరువుకు అణగి, రేణువుల మధ్య చేరిన సిలికా, ఇనుప తుప్పు జిగురులా పట్టుకోవడం వల్ల రాయి అయింది. ఆ తుప్పే బాదామికి ఆ రంగునిచ్చింది. దృఢమైన పొరల మధ్య మెత్తని పొరలు ముందుగా కరిగి లోపలికి పోతాయి. ఆధారం తప్పిన పైరాయి నిలువు పగులు వెంట తెగి కింద పడుతుంది. అందుకే ఈ కొండలు ఎంత అరిగినా గుండ్రబడవు, గోడలాగే వెనక్కు జరుగుతాయి. ఊరి చెరువైన అగస్త్య తీర్థం ఒడ్డున ఇంటంత బండలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. అవన్నీ ఒకప్పుడు ఆ గోడలో భాగాలే.

ఆ రోజు మా మిత్రుడు మొట్టమొదట చూపించినది శిల్పం కాదు, ఉత్తరపు కోటకు ఎక్కే దారిలోని ఒక ఇరుకు సందు. రెండు పక్కలా ఆకాశం దాకా లేచిన ఎర్రని గోడలు, వాటి మధ్య ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవగలిగినంత దారి. నిలువు పగులు ఒకటి వానలకు వెడల్పవుతూ వచ్చి ఇలా సందుగా మారిందని చెప్పి, ఆయన గోడ దగ్గరకు వెళ్ళి వేలితో గాలిలోనే గీతలు గీసి చూపించారు. పెద్ద పొరలు నేలకు సమాంతరంగా ఉన్నాయి. కాని ఒక్కొక్క పొర లోపల సన్నని గీతలు వాలుగా, దువ్వెనతో దువ్వినట్టు దిగుతున్నాయి. నీటి అడుగున ఇసుక చిన్న చిన్న దిబ్బలుగా కదిలేటప్పుడు, దిబ్బ ముందువైపు వాలుమీద రేణువులు జారి ఆ గీతలు ఏర్పడతాయట. తర్వాతి వరద ఆ దిబ్బ నెత్తిని చెక్కేసి, దాని మీద కొత్త దిబ్బను పరుస్తుంది. గీతలు ఎటు దిగుతున్నాయో నీరు అటు పారిందన్న మాట. నేను రాతి ముందు నిలబడి ఒక నది ఏ దిక్కుకు వెళ్ళిందో చూస్తున్నానన్న సంగతి బుర్రకెక్కడానికి కొంత సమయం పట్టింది. పైగా ఆ నది ప్రవహించిన ప్రొటెరోజోయిక్ అనే కోట్ల ఏళ్ళ కిందటి కాలానికి నేలమీద చెట్టూ చేమా ఏదీ లేదు. గట్లను పట్టి ఉంచే వేళ్ళు లేవు కనుక నదులు పాయలు పాయలుగా చీలి విశాలంగా పారేవట. కొండ నెత్తిన ఉన్న పరుపు బండల మీద కొన్నిచోట్ల నీటి అలల ముడతలు ఇప్పటికీ, మన ఏటి ఒడ్డున ఇసుకలో ఉన్నట్టే, అలాగే నిలిచి ఉన్నాయి.

ఊరి పాత పేరు వాతాపి అని మీకు తెలిసే ఉంటుంది. పసిపిల్లలకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ మన అమ్మమ్మలు అనే 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అన్న మాట, అగస్త్యుడు వాతాపి అనే రాక్షసుణ్ణి అరిగించుకున్న కథలోనిదే. ఆ గోడకు చేయి ఆనించి తీస్తే అరచేతికి సన్నని ఇసుక అంటుకుంది. వాతాపి ఇంకా జీర్ణమవుతూనే ఉందని నేనంటే మా మిత్రుడు నవ్వి, ఈ రేణువులు వానకు మలప్రభ నదిలో చేరి, దాని వెంట కృష్ణలో కలిసి, మన శ్రీశైలం వైపే వస్తాయని చెప్పారు. (చెక్కిన రాతిని మాత్రం దయచేసి ముట్టకండి. అక్కడ రాలే ప్రతి రేణువూ శిల్పానికి నష్టమే.)

మధ్యాహ్నం సిడిలపడికి వెళ్ళాం. సిడిలు అంటే కన్నడంలో పిడుగు. పిడుగు పడి పైకప్పుకు కన్నం పడిందని స్థానికులు చెప్పుకునే సహజమైన రాతి వంపు అది. ఊరి నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల కాలిబాట, చాలా భాగం పరుపు బండల మీదా ముళ్ళపొదల మధ్యా సాగుతుంది. ఒక్కొక్క చోట బండలోని దొనల్లో వాననీరు నిలిచి, వాటి చుట్టూ మాత్రమే పచ్చని గడ్డి ఉంటుంది. నీళ్ళ సీసా ఒక్కటే పెట్టుకుని బయలుదేరడం మేము చేసిన తెలివితక్కువ పని. దారిలో నీడ తక్కువ, రాయి కింద నుంచి కూడా వేడిని తిప్పికొడుతుంది. ఆ వంపు కిందికి చేరగానే ఎందుకు మనుషులు చరిత్రకు పూర్వమే అక్కడ ఆశ్రయం పొందారో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. గోడల మీద వారు వేసిన ఎర్రని బొమ్మలు వెలిసిపోయినా కనిపిస్తాయి. మన భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలు కూడా ఇసుకరాతివే, అక్కడా ఇలాంటి చిత్రాలున్నాయి. పొరల మధ్య మెత్తని భాగం తొలిగి, ముందుకు చొచ్చుకొచ్చిన కప్పు గొడుగులా నిలవడం ఈ రాతికి సహజ గుణం.

బాదామి రాజధానిగా ఏలిన చాళుక్యులు ఆ గుణాన్నే వాడుకున్నారని నాకు అర్థమైనది మరునాడు గుహల్లో. చాళుక్య రాజు మొదటి పులకేశి తన కోటను 543లో కట్టించాడని కొండమీది శాసనం చెబుతోంది. మూడో గుహలోని, ఆయన కుమారుడు మంగళేశుని శాసనం 578 నాటిది. ఆ రెండు తేదీల మధ్యకాలంలో వారి శిల్పులు రాతి పొరలను ఎంత బాగా చదివారో పైకప్పులు చూస్తే తెలుస్తుంది. చదునైన పొర ఎక్కడ కప్పుగా నిలుస్తుందో అక్కడే లోపలికి తొలిచారు. మొదటి యాత్రలో నేను మచ్చలనుకున్నవి, కొన్ని స్తంభాల మీదుగా ఊదా, లేత గులాబీ రంగుల్లో అడ్డంగా సాగే చారలు, నిజానికి ఆ పాత నది పరిచిన పొరలే. (ఈ పులకేశి మనవడు రెండవ పులకేశి తమ్ముడైన కుబ్జ విష్ణువర్ధనుడే మన వేంగిలో తూర్పు చాళుక్య వంశాన్ని స్థాపించాడు.)

వేళల విషయానికి వస్తే, సాయంత్రం తప్పకుండా భూతనాథాలయం వైపు ఉండండి. గుడి చెరువుకు తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పడమటి ఎండ నేరుగా దాని వెనక కొండమీద పడి, గోడంతా నిప్పులా ఎర్రబడుతుంది. వానలు బాగా పడిన రోజుల్లో అక్కడికి దగ్గరలోనే అక్క తంగి జలపాతం దూకుతుందని విన్నాము కాని, మేము వెళ్ళినది జనవరిలో కాబట్టి తడి చారలే చూశాం. ఎండాకాలం వెళ్ళకండి. కోతుల ముందు తినుబండారాల సంచి తెరవకండి. తాళ్ళు కట్టుకుని కొండ గోడలు ఎక్కేవారు కనిపిస్తారు. ఆ పని కోసమే బాదామికి వచ్చేవారున్నారు. వారిని చూసి ఉత్సాహపడి అంచులకు వెళ్ళవద్దు, రాలిన ఇసుక మీద చెప్పులు జారతాయి.

రెండో రోజు గుహలు చూసి మధ్యాహ్నం బయలుదేరితే పట్టదకల్లు ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. అక్కడి విరూపాక్షాలయం కూడా ఇసుకరాతిదే. దాని గోడలకు దగ్గరగా నిలబడి ఆ వాలు గీతల కోసం వెతకండి. కొండలో అన్నీ ఒకే వైపు దిగే గీతలు, రాళ్ళను కోసి తిప్పి పేర్చడం వల్ల ఇక్కడ ఒక రాతిలో ఇటు, పక్క రాతిలో అటు దిగుతూ కనిపిస్తాయి.