లాట్ నంబరు రికార్డ్ కాకముందే అడ్వాన్స్ తీసుకోవచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లో సిటీ హద్దు దాటాక మాకు 8 ఎకరాల పొలం ఉంది. బ్యాంకు లోన్ ఇంకా నడుస్తోంది. మూడు ముక్కలు చేసి ఒకటి ఉంచుకుని, ఒకటి మా బావమరిదికి, ఇంకోటి ఒక స్నేహితుడికి అమ్మాలనుకుంటున్నాం. సర్వేయర్ మ్యాప్ ఇచ్చేశాడు. స్నేహితుడు అడ్వాన్స్ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మ్యాప్‌కు ఆమోదం వచ్చి, కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డ్ అయ్యేదాకా అందులోని లాట్ నంబర్లు (ఒక్కో ముక్కకు ఇచ్చిన నంబర్లు) వేసి అగ్రిమెంటు గానీ డీడ్ (అమ్మకపు దస్తావేజు) గానీ రాయకూడదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ సెక్షన్ 12.002 చెప్పేది అదే. ఒక వెసులుబాటు ఉంది: ఆమోదం, రికార్డింగ్ జరిగితేనే అమ్మకం అని అగ్రిమెంటులో స్పష్టంగా రాసుకోవాలి, అప్పటిదాకా ఆ స్థలాన్ని వాడుకోవడానికి గానీ అందులో ఉండటానికి గానీ మీ స్నేహితుడికి ఇవ్వకూడదు. అలా రాసుకున్నా అడ్వాన్స్ మీ ఖాతాలో వేసుకోకుండా టైటిల్ కంపెనీ (హక్కు పత్రాలు పరిశీలించి అమ్మకం పూర్తిచేయించే సంస్థ) ఎస్క్రోలో, అంటే అమ్మకం తేలేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండే ఖాతాలో పెట్టించండి. చేతికొచ్చిన డబ్బు ఖర్చయిపోతుంది. రేపు ఆమోదం రాకపోతే తిరిగివ్వాల్సింది మీరే.

బావమరిది ఒక్కడికే ఇస్తే కథ వేరు. కౌంటీ రూల్స్‌లో, కొత్త రోడ్లు వేయకుండా నాలుగు ముక్కలకు మించకుండా దగ్గరి బంధువులకే ఇస్తే మ్యాప్ అక్కర్లేదనే మినహాయింపు ఉంది. స్నేహితుడు రాగానే అది పోతుంది. ఇంకో చిక్కు: సిటీ హద్దు బయట కూడా కొంత మేర సిటీ అజమాయిషీ ఉంటుంది, దాన్నే ఈటీజే అంటారు. మీ పొలం అందులో ఉందో లేదో ముందు కనుక్కోండి. అక్కడ మామూలుగా ప్రతి ముక్కా 5 ఎకరాలు దాటితేనే మినహాయింపు, మీ 8 ఎకరాల్లో అది కుదరదు.

నాకు ఎక్కువ టెన్షన్ మీ లోన్ గురించి. బ్యాంకు హక్కు మొత్తం 8 ఎకరాల మీదా ఉంది. అమ్మే ముక్కను విడిపిస్తూ బ్యాంకు 'పార్షియల్ రిలీజ్' ఇవ్వాలి, దానికి అసలులో కొంత కట్టమనొచ్చు. ఆ లెక్క తేలకుండా ధర చెప్పకండి.

రికార్డింగ్‌కు ప్రతి ట్యాక్సింగ్ యూనిట్ (కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ లాంటి, ఆస్తి పన్ను వేసే సంస్థ) నుంచి బకాయిలు లేవనే సర్టిఫికెట్ జతచేయాలి. సెప్టెంబరు 1 తర్వాత ఫైల్ చేస్తే ఆ ఏడాది పన్ను కట్టిన రసీదు కూడా అడుగుతారు, బిల్లు ఇంకా తయారుకాకపోతే ఆ సంగతి చెప్పే కాగితమైనా ఉండాలి. పొలం పేరుతో పన్ను తగ్గింపు పొందుతుంటే, వాడకం మారిన ముక్కకు వెనకటి 3 ఏళ్ల తేడా పన్ను పడుతుంది. అది ఎవరు కట్టాలో అగ్రిమెంటులోనే రాయించండి.