మిరపకాయ రాకముందటి తెలుగు వంట ఇంట్లో చేసి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నాకు కొన్నేళ్లుగా ఇదే పిచ్చి కాబట్టి చెబుతున్నాను. పాత గ్రంథాల జోలికి వెళ్లేముందు తద్దినం వంట నేర్చుకోండి. చాలా ఇళ్లలో ఆ రోజు మిరపకాయ, టమాటా, బంగాళదుంప పొయ్యి దరిదాపులకు కూడా రావు. ఈ మూడూ పుట్టింది అమెరికా ఖండాల్లో. 1498లో పోర్చుగీసువాళ్లు కాలికట్ చేరిన తర్వాతే ఇక్కడికి వచ్చాయి. అవి పోగా మిగిలేవి అరటికాయ, కంద, కాకరకాయ, గారెలు, అల్లం పచ్చడి. కారానికి మిరియాలు.

మిరియాలు అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచుకోండి. ప్యాకెట్ పొడిలో ఘాటు ఉంటుంది గానీ ఆ వాసన రాదు. ఈ కారం నాలుక మీద కన్నా గొంతులో ఎక్కువ తెలుస్తుంది, అందుకే నెయ్యి కాస్త ధారాళంగా పడాలి. కందకి ఆవ పెట్టేటప్పుడు కూర దించి, వేడి తగ్గాకే ముద్ద కలపండి. పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది.

చేయి తిరిగాక కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 'మానసోల్లాసం' చూడండి. 1130 ప్రాంతపు సంస్కృత గ్రంథం. అందులో 'ఇడ్డరిక' అని ఒకటుంది. బియ్యం ఊసే లేదు, ఉత్త మినప్పిండి ఉండలకు మిరియాల పొడి, జీలకర్ర పొడి, ఇంగువ. నేను నేతిలో వేయిస్తాను. ఇది ఇడ్లీకి ముత్తాత అంటే మా పిల్లలు మాత్రం పునుగులే కదా అంటారు!

మెనూ కావాలంటే మాత్రం శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'ను మించింది లేదు. కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో అయినా, గోదాదేవిని పెంచిన తండ్రి విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం నాకైతే మనింటిదే అనిపిస్తుంది. జడివాన రోజుల్లో పొగ కళ్లలోకి పోకుండా ఆయన భార్య కొబ్బరి చిప్పల మంట మీద వండుతుంది. వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఎండాకాలం చెరకు రసం, కొబ్బరి నీళ్లు, పల్చటి మజ్జిగ. చలికాలానికి మిరియాల పొడి వేసిన కూరలు, ఆవపచ్చళ్లు. ఇందులో ఏదీ ఈ రోజు వండలేనిది కాదు.

చింతపండు, ఇంగువ నిరభ్యంతరంగా వాడండి, అవి అప్పటికే ఉన్నాయి. పోపులో వేరుశనగ గుళ్లు, పొంగలిలో జీడిపప్పు మాత్రం మానేయండి, అవీ సముద్రం దాటి వచ్చినవే. కారానికి మిరియాలతో పాటు వాడే పిప్పళ్లు పచారీ కొట్లో లేకపోతే ఆయుర్వేద మందుల షాపులో అడగండి.