పాఠకుల ప్రశ్నలు: ఫ్రీమేసన్ల మూలమట్టం

ప్రశ్న: హైదరాబాదులోని గోషామహల్ బారాదరిలో ఫ్రీమేసన్ల లాడ్జి ఉంది. మూలమట్టం, వృత్తలేఖిని ఒకదానిపై ఒకటి పెట్టి, నడుమ ఆంగ్ల అక్షరం ‘జి’ ఉంచిన వారి గుర్తుకు అర్థమేమిటి? అక్కడ క్షుద్రపూజలు జరుగుతాయని మా ఇంట్లో పెద్దలు అంటుంటారు. ఇది ఒక మతమా? హిందువులు చేరవచ్చునా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీ పెద్దల అనుమానం కొత్తది కాదు. తలుపులు మూసుకుని, నడుముకు తెల్లని తోలు కట్టుకుని సమావేశమయ్యే ఈ మనుషులను చూసి ఉత్తరాది జనం వారి భవనాలను ‘జాదూఘర్’ అనేవారు. అయితే ఆ గుర్తులో మంత్రతంత్రాలేమీ లేవు. అది తాపీమేస్త్రి సంచిలోంచి వచ్చినది.

మధ్యయుగాల బ్రిటన్‌లో చర్చిలూ కోటలూ కట్టిన రాతిపనివారు (ఆంగ్లంలో మేసన్లు) పనిచోట వేసుకున్న పాకకే లాడ్జి అని పేరు. (మనకు లాడ్జి అనగానే బస్టాండు ఎదుటి అద్దెగదులు గుర్తుకు రావడం వేరే సంగతి.) 17వ శతాబ్దం నాటికి ఉలి పట్టని పెద్దమనుషులు కూడా ఆ లాడ్జిల్లో చేరసాగారు. వారి సంప్రదాయం ప్రకారం 1717 జూన్ 24న లండన్‌లోని ఒక మద్యశాలలో నాలుగు లాడ్జిలు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయి. 1723లో జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళి అచ్చయింది.

రాళ్లు పోయినా పనిముట్లు మిగిలాయి. గోడ మూల సరిగా ఉన్నదా అని చూసే మూలమట్టం నడవడిక సరిగా ఉన్నదా అని అడుగుతుంది. వృత్తలేఖిని కోరికల చుట్టూ గిరి గీస్తుంది. మట్టపుబద్ద లాడ్జిలో దొరా పనివాడూ సమానమని చెబుతుంది. చెక్కని బండ కొత్తగా చేరినవాడికి, నునుపు చేసిన రాయి అతడు కావలసినదానికి ప్రతీకలు. ‘జి’ అక్షరాన్ని జ్యామితికీ, సృష్టికర్తకూ కూడా చెబుతారు. నాకు అన్నిటికంటే చక్కగా తోచేది ఆ రెండు పనిముట్ల అమరిక: సభ్యత్వపు మొదటి మెట్టులో వృత్తలేఖిని మొనలు రెండూ మూలమట్టం కింద దాగి ఉంటాయి, రెండవ మెట్టులో ఒకటి పైకి వస్తుంది, మూడవ మెట్టు ఎక్కినవాడికి రెండూ కనిపిస్తాయి. ఆ మూడవ మెట్టువాడిని మాస్టర్ మేసన్ అంటారు. మన ‘మేస్త్రి’ కూడా ‘గురువు, యజమాని’ అన్న అర్థం గల పోర్చుగీసు మాట నుంచి వచ్చినదే కనుక తెలుగువారికి ఆ పేరు అంత పరాయిది కాదు.

ఇక రహస్యమంటే ఒకరినొకరు గుర్తుపట్టే సంజ్ఞలు, కరచాలనాలు, మాటలు మాత్రమే. వాటిని సైతం 1730లోనే లండన్‌లో ఒకరు అచ్చువేసి అమ్మేశారు.

ఇది మతం కాదు. పరమాత్మ ఒకడున్నాడన్న నమ్మకం ఉండాలని మాత్రమే అడుగుతారు. లాడ్జిలో మతవాదనలు, రాజకీయాలు నిషిద్ధం. ఆ మాత్రానికే కాథలిక్ పీఠం ఒప్పుకోలేదు. 1738లో పోప్ పన్నెండవ క్లెమెంట్ విధించిన నిషేధం కాథలిక్కులకు నేటికీ వర్తిస్తుంది.

హిందువులు చేరవచ్చు. కానీ ఆ తలుపు అంత తేలికగా తెరుచుకోలేదు. ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దత్ ఉల్ ఉమరాను 1775లో తిరుచిరాపల్లిలోనే చేర్చుకున్న ఫ్రీమేసన్లు, హిందువుల దగ్గరికి వచ్చేసరికి అనేక దేవుళ్లు, కులాలు అంటూ వెనకాడారు. 1863లో దరఖాస్తు పెట్టిన కలకత్తా వ్యాపారి ప్రసన్నకుమార్ దత్తు లండన్ దాకా ఫిర్యాదులు పంపి, 1872లో గాని ఆంకర్ అండ్ హోప్ లాడ్జిలో అడుగుపెట్టలేకపోయాడు. మట్టపుబద్ద బల్ల మీద ఉండగానే తొమ్మిదేళ్లు ఆలోచించారన్న మాట! తరువాత 1884లో అదే లాడ్జిలో దీక్ష తీసుకున్న ఇరవై ఒక్కేళ్ల నరేంద్రనాథుడే మన వివేకానందస్వామి. 1961లో భారతదేశానికి సొంత గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ప్రమాణం చేసేవాడు తన మతగ్రంథం మీదనే చేస్తాడు కనుక ఇక్కడి లాడ్జిల్లో భగవద్గీత, ఖురాన్, బైబిల్ వంటివి పక్కపక్కనే ఉంటాయి.

ప్రశ్న: స్త్రీలకు ఇందులో చోటు ఉందా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: భారత గ్రాండ్ లాడ్జిలో లేదు. స్త్రీపురుషులిద్దరినీ చేర్చుకునే వేరొక శాఖ 1893లో పారిస్‌లో పుట్టింది. పురుషుల గ్రాండ్ లాడ్జిలు దానిని తమలో ఒకటిగా గుర్తించవు. 1902లో దానిని లండన్‌కు తెచ్చి, ఆపై భారతదేశంలోనూ వ్యాపింపజేసినవారు మీ ఊరి కళాశాల పేరులో ఉన్న అనీబిసెంటే.